పెద్ద బైకు వదిలి చిన్నదానికి మారాలా? ఇంజను ఆపి తేల్చుకోండి

పెద్ద బైకును ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్న ప్రశ్నకు చాలామంది ఆ బైకు మీద వెళ్తూ జవాబు వెతుకుతారు. అక్కడ దొరికే జవాబు ఎప్పుడూ ఒకటే. రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఇంజను తొణక్కుండా లాగుతుంటుంది, ఇంత మంచి బండిని ఎందుకు వదలాలి అనిపిస్తుంది. కాస్త వేగం అందుకుంటే 250 కిలోల బైకు కూడా తన బరువును దాచేసుకుంటుంది. చక్రాలు చురుగ్గా తిరుగుతున్నంతసేపూ అది నిలబడటానికి మీ సాయం అక్కర్లేదు. బరువు బయటపడేది బండి ఆగాకే. అందుకే సలహా అడిగినవాళ్లకు నేను ముందు ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోమంటాను.

నాది మరమ్మతుల పని. 30 ఏళ్లకు పైగా బైకులు విప్పి బిగిస్తున్నాను. సొంతానికి 1200 సీసీ బైకు చాలాకాలం నడిపి, ఇప్పుడు 400 సీసీ సింగిల్ సిలిండర్ బండి మీద తిరుగుతున్నాను. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను, ఆ మేరకు నా మాటల్లో తగ్గింపు వేసుకుని చదవండి. అలాగని అడిగిన ప్రతివాళ్లనూ చిన్న బండికి తోసెయ్యను. మారొద్దని చెప్పి వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతీ కింద వస్తుంది.

వెళ్లని ప్రయాణాల జాబితా

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు, గడిచిన ఏడాదిలో బైకు మీద వెళ్లిన చోట్లన్నీ రాయండి. ఇక్కడొక చిక్కుంది. మూడు రోజుల కొండదారి యాత్ర చటుక్కున గుర్తొస్తుంది, రోజూ ఆఫీసుకు వెళ్లిన ఏడు కిలోమీటర్లు గుర్తుకు రావు. మనం బండి కొనేదేమో ఆ మూడు రోజుల కోసం, నడిపేది ఈ ఏడు కిలోమీటర్లలో. కాబట్టి చిన్నవాటిని మరిచిపోకుండా రాయండి. వాటి పక్కన ఎంత వేగంలో, ఎవరితో, ఎంత సామానుతో వెళ్లారో ముక్కలుగా అయినా చాలు.

కుడివైపు, బైకు మీద వెళ్దామనుకుని మానేసిన సందర్భాలు రాయండి. ప్రతిదానికీ కారణం కూడా. నా దృష్టిలో అసలైన పట్టిక ఇదే. కారణాలు 'వాన', 'పని ఒత్తిడి', 'ఇంట్లో వాళ్లతో వెళ్లాల్సి వచ్చింది' అన్నట్టు ఉంటే చిన్న బైకు కొన్నా అవేవీ మారవు. 'అక్కడ పార్కింగ్ వాలుగా ఉంటుంది', 'వెనక్కి తీయాలంటే విసుగు', 'ట్రాఫిక్‌లో కాళ్లు కాలిపోతాయి', 'ఆ మట్టిదారిలో పడిపోతే లేపలేను', 'పాలప్యాకెట్ కోసం దాన్ని తీయడమా' అని ఉంటే మాత్రం బండే మీకు అడ్డం పడుతోందన్నమాట. అలాంటివి నాలుగైదు కనిపించినా మిగతాది చదవండి.

అసలు ఏ కారణమూ రాయలేక, వెళ్లాలనే అనిపించలేదంటే అది బైకు సైజు సమస్య కాదు. కొత్త బండి ఏదైనా ఒక నెల సరదాగానే ఉంటుంది. ఆ నెల కోసం ఉన్నది అమ్ముకోకండి.

బండి ఆగి ఉండగా చేయాల్సిన పరీక్ష

మీరు రోజూ బండి పెట్టే చోటే, రోజూ వేసుకునే బూట్లతోనే చేయండి. ఖాళీ మైదానంలో చేస్తే ఏమీ తేలదు.

మొదట బండిని స్టాండు మీంచి దించి, పక్కన నిలబడి వెనక్కి తోయండి. తర్వాత ఉన్న జాగాలోనే దాని ముఖం అటునుంచి ఇటు తిప్పండి. ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ జరిపారో, మధ్యలో ఎక్కడ ఊపిరి బిగబట్టారో గమనించండి. ఎవరైనా ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది. మా షెడ్డు ముందు చిన్న వాలు ఉంది. అడుగు ఎత్తు కూడా ఉండదు. బండి తీసుకెళ్లడానికి వచ్చే మనిషిని నేను అక్కడే చూస్తాను. ఒకాయన, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నాతో మాట్లాడుతూనే చుట్టూ చూసి, వాలు మీంచి బైకును వెనక్కి లాగే పని మా కుర్రాడికి అప్పజెప్పేవాడు. ప్రతిసారీ ఏదో ఒక వంక. ఫోను వచ్చిందనో, చేతిలో హెల్మెట్ ఉందనో. ఆయన వేగంగా బాగా నడుపుతాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఆరడుగుల పొడవు వాలు ఆయన ప్రయాణాలను నిర్ణయిస్తోంది. ఎక్కడికి వెళ్లినా దిగేచోట మరొకరు ఉండాలి.

ఈ బరువు ఎలా మీద పడుతుందో ఒక లెక్క చూడండి. బైకు నిటారుగా ఉన్నప్పుడు దాని బరువంతా నేల మోస్తుంది, మీరు రెండు వేళ్లతో పట్టుకోవచ్చు. ఒరిగినకొద్దీ వాటా మీ చేతికి వస్తుంది. బరువుకేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తులో, మీరు పట్టుకున్న హ్యాండిల్ సుమారు మీటరు ఎత్తులో ఉన్నాయనుకుందాం. 250 కిలోల బైకు 10 డిగ్రీలు ఒరిగితే హ్యాండిల్ దగ్గర మీరు ఆపాల్సింది దాదాపు 24 కిలోల బరువు. 150 కిలోల బైకైతే 14 కిలోలు. రెండూ ఆపగలిగినవే. అదే 30 డిగ్రీలకు పోతే మొదటిది 69 కిలోలు, రెండోది 41. ఒక కాలు మీద నిలబడి, ఒంటిచేత్తో, గులకరాళ్ల మీద 69 కిలోలు ఆపగలిగేవాళ్లు అరుదు. పెద్ద బైకులు నడుస్తూ పడేదానికంటే ఆగి ఉండగా పడేది ఎక్కువని మా షెడ్డుకు వచ్చే విరిగిన క్లచ్ లీవర్లు, సొట్టపడ్డ సామాను పెట్టెలు చెబుతుంటాయి. పైన పెట్టె బిగించి అందులో పది కిలోలు పెట్టారంటే ఆ బరువుకేంద్రం ఇంకా పైకి పోతుంది.

తర్వాత ఎక్కడం, దిగడం. వెనక సీటు మీద బ్యాగు కట్టి ఎక్కండి. కాలు బ్యాగును తన్నకుండా దాటుతోందా? దిగేటప్పుడు సైడ్ స్టాండ్ మీద భారం వేయకుండా దిగగలుగుతున్నారా? తుంటి, మోకాలు మొదట మొండికేసేది ఇక్కడే. మీ చేతుల సంగతీ చూసుకోండి. బండి ఆపి ఉంచి క్లచ్ లీవరును పదేపదే నొక్కి వదులుతూ ఉండండి. బొటనవేలి మొదలు లాగుతుంటే ట్రాఫిక్‌లో గంటసేపు ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక ఎత్తడం. పడిన బైకును ఎత్తే పద్ధతి తెలియనివాళ్లు ముందు అది నేర్చుకోండి. ఇంజను ఆపాలి. బండి కుడివైపు పడితే సైడ్ స్టాండును ముందే తెరిచి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపుకు అవతలికి పడుతుంది. గేరులో ఉంచాలి, లేకపోతే దొర్లుతుంది. సీటుకు వీపు ఆనించి, హ్యాండిల్‌ను బండి పడినవైపుకు పూర్తిగా తిప్పి, ఒక చేత్తో కింది హ్యాండిల్ గ్రిప్పు, ఇంకో చేత్తో వెనక గట్టి ఫ్రేము పట్టుకుని, నడుము వంచకుండా కాళ్లతో నెడుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. ఈ పరీక్ష ఒంటరిగా చేయొద్దు. పాత పరుపు వేసి, పక్కన మనిషిని పెట్టుకుని చేయండి. వెన్నునొప్పి ఉన్నవాళ్లు అసలు చేయనే వద్దు. 'చేయలేను' అన్నదే వాళ్లకు జవాబు, అది తెలుసుకోవడానికి డిస్కు జార్చుకోనక్కర్లేదు.

చిన్నది వేరు, తేలిక వేరు, సులువు వేరు

దుకాణంలో అందరూ సీసీ అడుగుతారు. మీరు మారాలనుకునే కారణం బరువైతే సీసీ పనికిరాని కొలత. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో ఉన్నది 349 సీసీ ఇంజను, బండి బరువు 195 కిలోలు. యమహా ఎంటీ-07లో 689 సీసీ, రెండు సిలిండర్లు, బరువు సుమారు 184 కిలోలు. ఇంజను దాదాపు రెట్టింపు, బండి తేలిక. ట్రయంఫ్ స్పీడ్ 400 వచ్చినప్పుడు 170 కిలోలు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ 249 కిలోలు. ఈ అంకెలు చూసేటప్పుడు పెట్రోలు, ఆయిలు నింపిన బరువా, ఖాళీ బరువా అని అడగండి. కొందరు ఖాళీ బరువు ముద్రించి మనల్ని సంతోషపెడతారు.

తేలికైనదల్లా మీకు సరిపోతుందనీ కాదు. హోండా సీఆర్ఎఫ్ 300ఎల్ 142 కిలోలే, కానీ సీటు ఎత్తు 880 మిల్లీమీటర్లు. కాలి మునివేళ్ల మీద నిలబడేవాడికి తేలిక బండి కూడా గులకరాయి దగ్గర బరువైపోతుంది. సీటు వెడల్పు కూడా చూడాలి. ఒకే ఎత్తున్న రెండు సీట్లలో సన్నగా ఉన్నదాని మీద పాదం కిందికి ఎక్కువ దిగుతుంది. కాబట్టి కాగితం మీద ఎత్తు చూసి సరిపెట్టుకోకుండా కూర్చుని, ఒక పాదం పూర్తిగా ఆనుతోందో లేదో చూసుకోండి.

సులువు అన్నది మూడో సంగతి, నా వృత్తి వల్ల నాకు ఇది ముఖ్యం. కేటీఎం 390 డ్యూక్ చిన్న బైకే. కానీ నీటితో చల్లబడే ఇంజను, పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు, నిండా ఎలక్ట్రానిక్స్. యమహా ఎస్ఆర్ 400 కూడా దాదాపు అంతే ఇంజను, 399 సీసీ. గాలితో చల్లబడేది, కిక్కు కొట్టి స్టార్ట్ చేసేది. 1978లో వచ్చి 2021 దాకా పెద్దగా రూపం మారకుండానే తయారైంది. మొదటిది ఉత్సాహానికి, రెండోది స్పానరు పట్టుకునే సరదాకు. మీకు వీటిలో ఏది కావాలి? 'చిన్న బైకు కావాలి' అని వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి తేలిక బైకు కావాలి. కొందరికి మాత్రం తమ చేత్తో తాము బాగుచేసుకోగలిగిన బండి కావాలి. ఆ ఇద్దరికీ ఒకే బండి చూపిస్తే ఒకరు తప్పక నొచ్చుకుంటారు.

ఆ తేడా ఎక్కడ తెలుస్తుందో ఒకే పనిలో చూపిస్తాను. ట్యాపెట్లు సర్దడం. ఇంజను వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉండాలి, అరిగేకొద్దీ అది మారుతుంది, మళ్లీ సరిచేయాలి. పాతతరం గాలి ఇంజనులో ఇది ఇలా సాగుతుంది: రాత్రంతా చల్లారిన బండి, తలమీద రెండు మూతలు, ఒక రింగు స్పానరు, సందు కొలిచే సన్నని రేకులున్న ఒక ఫీలర్ గేజ్. ఇంజనును సరైన గుర్తు దగ్గరకు తిప్పి, గేజ్ రేకును సందులో పెట్టి లాగితే కాస్త పట్టినట్టు పట్టి జారి రావాలి. బిగుతుగా ఉంటే నట్టు వదులుచేసి స్క్రూ పావు మలుపు కూడా కాదు, చిన్నగా కదపడం, మళ్లీ నట్టు బిగించడం. బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు తిరుగుతుంది, కాబట్టి మళ్లీ కొలవాలి. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ తిట్టుకుంటారు. రెండోసారికి వేళ్లకు ఆ పట్టు తెలిసిపోతుంది. గంటలో టీ కూడా తాగొచ్చు.

నాలుగు సిలిండర్ల పెద్ద బైకులో అదే పనికి సీటు తీయాలి, పక్క ప్యానళ్లు తీయాలి, ట్యాంకు లేపాలి, గాలి పెట్టె తీయాలి, కొన్నింటిలో రేడియేటర్‌ను పక్కకు జరపాలి. అప్పటికి కనిపించేది మూత. కొలిచి చూస్తే ఖాళీ తేడాగా ఉంటే క్యామ్‌షాఫ్టులు విప్పి, కింద ఉన్న చిన్న షిమ్ము బిళ్లలను సరైన మందం ఉన్నవాటితో మార్చాలి. డుకాటీ డెస్మోడ్రోమిక్ ఇంజన్లలో వాల్వును తెరవడానికి ఒక మీట, మూయడానికి ఇంకొకటి, అంటే కొలవాల్సిన ఖాళీలు రెట్టింపు. ఇందులో ఎవరి లోపమూ లేదు. అంత వేగం తిరిగే ఇంజనుకు అదే సరైన ఏర్పాటు, పైగా షిమ్ముల ఇంజన్లలో ఈ పని చాలా అరుదుగా వస్తుంది. ఖర్చు భరించగలిగి, స్పానరు మీద మోజు లేనివాళ్లకు అది హాయి. నెలకోసారి బండి పక్కన పీట వేసుకుని కూర్చోవాలనుకునేవాళ్లకు మాత్రం అది తాళం వేసిన గది.

సులువు పేరుతో ఏబీఎస్‌ను, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటును, వదులుకోవద్దు. బీఎండబ్ల్యూ కె100 మీద 1988లో బైకులకు ఎలక్ట్రానిక్ ఏబీఎస్ వచ్చింది. అప్పటినుంచి బైకులకు చేరిన ఎలక్ట్రానిక్స్‌లో దేన్నైనా తీసేయమంటే తీసేస్తాను గానీ దీన్ని తీయను. తడి రోడ్డు మీద, కుక్క అడ్డొచ్చినప్పుడు, మన వేళ్లు మన మాట వినవు.

మీకు నిజంగా ఎంత బలం కావాలి

నిటారుగా కూర్చున్న మనిషితో, ముందు అద్దం లేని బైకు చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రం దగ్గర కావాల్సిన శక్తి సుమారు 6, 7 హార్స్‌పవర్. 100 దగ్గర 12. 130 దగ్గర 25. గాలి అడ్డుకునే శక్తి వేగంతోపాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే 100 దాకా ఏ బండైనా పరవాలేదు, ఆ తర్వాతే తేడా.

20 హార్స్‌పవర్ ఇంజను తీసుకోండి. 100 దగ్గర 12 అయిపోయాయి. రోడ్డు ప్రతి వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కుతోందంటే మనిషితో కలిపి 280 కిలోలను లాగడానికి ఇంకో 5 కావాలి. చైనులో, గేర్లలో పోయేది పోను చేతిలో మిగిలింది దాదాపు సున్నా. అంటే ఆ ఎత్తులో ముందున్న లారీని దాటాలన్న ఆలోచన మానుకోవాలి. 40 హార్స్‌పవర్ బండికి అదే చోట ఇంకా సగం మిగిలి ఉంటుంది. చిన్న బండ్లలో 20కీ 40కీ మధ్య ఉన్న అంతరం, 40కీ 130కీ మధ్య ఉన్న అంతరం కంటే పెద్దదని నేను అనేది ఇందుకే.

దాటడం గురించి ఇంకాస్త. ఎదుటి వాహనం 80లో పోతోంది, మీరు 100లో దాటుతున్నారు. దాని వెనకనుంచి బయటికి వచ్చి ముందు క్షేమంగా చేరడానికి సుమారు 55 మీటర్లు ఎక్కువ కలిసిరావాలి. దానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో మీరు 275 మీటర్లు పోతారు, ఎదురుగా 80లో వచ్చే కారు 220 మీటర్లు వస్తుంది. అంటే మీకు అర కిలోమీటరు ఖాళీ రోడ్డు కనబడాలి. 120లో దాటగలిగే బండికి అయిదు సెకన్లు, 275 మీటర్ల ఖాళీ చాలు. రెండు వరుసల రోడ్ల మీదే ఎక్కువగా తిరిగేవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించాలి. చిన్న బండితో దాటడం కుదరదని కాదు, దాటే అవకాశాలు తగ్గుతాయి, ఓపిక పెరగాలి. ఓపిక పెరగని మనిషి చిన్న బండి మీద పెద్ద బండి మీదకంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

గాలి సంగతి కూడా. తేలిక బండిని పక్కగాలి, పెద్ద లారీ వెనక సుడులు కాస్త ఎక్కువగానే తోస్తాయి. హ్యాండిల్ గట్టిగా బిగించకుండా వదులుగా పట్టుకుంటే అది తనంతట తానే సర్దుకుంటుంది. అలవాటయ్యేదే.

మారొద్దని నేను చెప్పేది ఎవరికి

ఇద్దరు కూర్చుని, సామానుతో దూరాలు వెళ్లేవాళ్లకు. ప్రతి బైకుకూ తయారీదారు ఇచ్చిన గరిష్ఠ బరువు ఒకటి ఉంటుంది, ఫ్రేము మీద పలకలోనో పుస్తకంలోనో దొరుకుతుంది. అందులోంచి నిండిన బండి బరువు తీసేస్తే మీరు మోయించగలిగింది వస్తుంది. చిన్న బండ్లలో ఆ మిగిలేది చాలాసార్లు ఇద్దరు పెద్దమనుషులకే సరిపోతుంది. హెల్మెట్లు, బూట్లు, బ్యాగులు కలిపితే దాటిపోతుంది. మా ఆవిడ వెనక కూర్చునే ప్రయాణాలు తగ్గాకే నేను మారాను, అంతకుముందు మారి ఉంటే ఇంట్లో మాట పడేది. వెనక సీటు మీద కూర్చునేవాళ్లకు ఈ నిర్ణయంలో మీతో సమానమైన ఓటు ఉంది. వాళ్లను కొత్త బండి మీద గంటసేపు కూర్చోబెట్టి, దిగాక మొహం చూడండి.

హైవే మీద రోజూ గంటలకొద్దీ 110, 120లో పోవాల్సినవాళ్లకు కూడా వద్దంటాను. చిన్న సింగిల్ సిలిండర్ ఇంజను ఆ వేగంలో తన శక్తి చివర్లో తిరుగుతుంది. పోతుంది, కాదనను. కానీ అదురుకు చేతులు తిమ్మిరెక్కుతాయి, తక్కువ ఆయిలు పట్టే ఇంజను గనుక అది త్వరగా నలుపెక్కుతుంది.

డబ్బు ఒక్కటే కారణమైతే కూడా ఆగండి. పెట్రోలు, టైర్లు, బీమా, సర్వీసింగ్ అన్నీ తగ్గుతాయి, అది నిజం. కానీ పెద్ద బైకు విలువలో పడాల్సిన పెద్ద దెబ్బ చాలావరకు మొదటి కొన్నేళ్లలోనే పడిపోయి ఉంటుంది. ఇప్పుడు దాన్ని అమ్మి కొత్త చిన్న బండి కొంటే ఆ దెబ్బ మళ్లీ మొదటినుంచి తింటారు. వాడిన చిన్న బండి కొంటేనే లెక్క కలుస్తుంది.

ముందు ఉన్నదాన్నే తేలిక చేసి చూడండి

పెట్టెలు, వాటి స్టాండ్లు, క్రాష్ గార్డులు, అదనపు లైట్లు విప్పి తూకం వేయండి. ఆశ్చర్యపోతారు. చాలా పెద్ద బైకుల మీద యజమాని చేర్చిన బరువే ఇరవై, ముప్పై కిలోలు ఉంటుంది, అదీ ఎక్కువగా పైభాగంలో. లెడ్ బ్యాటరీ తీసి లిథియం పెడితే రెండు మూడు కిలోలు తగ్గుతుంది. కొన్ని బండ్లకు తక్కువ ఎత్తు సీటు దొరుకుతుంది. సస్పెన్షన్‌ను దించేసే లింకులు మాత్రం చివరి మార్గం. దించితే సైడ్ స్టాండ్ పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి అటువైపు పడుతుంది, దాన్నీ కోయించాలి. ఇవన్నీ చేశాక మళ్లీ ఆ వెనక్కి తోసే పరీక్ష పెట్టండి. ఇబ్బంది పోతే కథ అక్కడితో ముగిసింది, నా సలహా ఉచితం.

చిన్నదాన్ని నడిపి చూడటం

పది నిమిషాల టెస్ట్ రైడ్ మోసం చేస్తుంది. పెద్ద బైకు దిగి చిన్నది ఎక్కగానే మొదటి ఐదు నిమిషాలు సైకిల్ ఎక్కినంత సంబరం, తర్వాతి ఐదు నిమిషాలు 'ఇదేమిటి, లాగదేం' అన్న చిరాకు. రెండూ పనికిరానివే. స్నేహితుడి బండి వారం రోజులకు అడగండి, లేకపోతే అద్దెకు తీసుకోండి. ఆ వారం పెద్ద బైకుకు కవరు కప్పి ఉంచండి. కాగితంలో ఎడమవైపు రాసిన పనులన్నీ దాని మీదే చేయండి. అందులో ఒక్కసారైనా రాత్రి నడపాలి, ఎందుకంటే చిన్న బండ్ల హెడ్‌లైటు చాలాసార్లు బలహీనంగా ఉంటుంది. ఒక్కసారైనా వానలో. ఒక్కసారైనా రెండు గంటలు ఆపకుండా, ఎందుకంటే చవక సీటు మొదటి నలభై నిమిషాలు బాగానే ఉంటుంది.

నడిపే తీరు మార్చుకోవాలి. పెద్ద ఇంజనులో ఏ గేరులో ఉన్నా యాక్సిలరేటర్ తిప్పితే లాగుతుంది. చిన్నదానిలో గేరు ఒకటో రెండో దించి, ఇంజనును పైకి తిరగనివ్వాలి. ఆ శబ్దం విని భయపడేవాళ్లు ఉన్నారు. మీటరు మీద ఎర్ర గీత ఎక్కడుందో చూసుకుని, దానికి కిందే ఉంటే భయం అక్కర్లేదు. చాలామంది పెద్ద బండి అలవాటుతో చిన్న ఇంజనును టాప్ గేరులో కొట్టుకునేలా ఈడుస్తారు. అది పైకి తిప్పడంకంటే ఎక్కువ చేటు.

వారం చివర కాగితం తీసి కుడివైపు చూడండి. మానేసిన వాటిలో ఈ వారం ఎన్నింటికి బండి మీద వెళ్లారు? వెళ్లారంటే మీకు జవాబు దొరికింది. పరువు సంగతి కూడా ఈ వారంలోనే బయటపడుతుంది. సిగ్నల్ దగ్గర ఎవరూ మీ బండి వైపు చూడరు. కొందరికి అది మహా హాయి, కొందరికి ముల్లు. మీరు రెండోరకమైతే అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, పెద్దదే ఉంచుకోండి. ఒక్క మాట మాత్రం చెబుతాను. హోండా సూపర్ కబ్ 1958లో 49 సీసీతో మొదలై 2017 నాటికి 10 కోట్ల బండ్లు దాటింది. ప్రపంచంలో ఇంకే మోటారు వాహనమూ అన్ని తయారు కాలేదు. చిన్న బండి ఎక్కితే మీరేమీ ఒంటరి కారు.

అమ్మే వరస

వీలుంటే చిన్నది కొన్నాక వెంటనే పెద్దది అమ్మకండి. రెండూ కొన్ని నెలలు ఉంచి, పెద్దదాని మీద కవరు ఎన్నిసార్లు తీశారో చూడండి. వాడని బండికి బ్యాటరీ చార్జర్ తగిలించి, ట్యాంకు నిండా నింపి ఉంచాలి, సగం ఉంచితే లోపల తేమ చేరి తుప్పు పడుతుంది. రెండు బండ్లు ఉంచే స్తోమత గానీ జాగా గానీ లేకపోతే ఆ వారం రోజుల పరీక్షను నెలకు పెంచండి.

అమ్మేటప్పుడు చేర్చిన సామానంతా విప్పి, అసలు భాగాలు తిరిగి బిగించి, పెట్టెలు, గార్డులు విడిగా అమ్మండి. కలిపి అమ్మితే వాటికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. సర్వీసు కాగితాలు, రెండో తాళంచెవి, టూల్ కిట్టు ఒక సంచిలో పెట్టండి. సర్వీసు గడువు దగ్గర పడి ఉంటే చేయించి మరీ అమ్మండి, వాల్వుల పని బాకీ ఉన్న పెద్ద బైకును తెలిసినవాడెవడూ మంచి ధరకు కొనడు.

కొత్త చిన్న బండికి మొదట చేయించాల్సినవి రెండు. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్‌ను, అంటే స్ప్రింగు ముందే ఎంత బిగిసి ఉండాలన్నదాన్ని, మీ బరువుకు సర్దించండి, అక్కడికే సగం చిరాకు పోతుంది. టాప్ గేరులో ఇంజను మరీ అరుస్తోందనిపిస్తే చైనును తిప్పే ముందువైపు పళ్లచక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు, ఒక పన్ను పెంచవచ్చు. 14 పళ్లను 15 చేస్తే అదే వేగంలో ఇంజను తిరుగుడు సుమారు 7 శాతం తగ్గుతుంది, బదులుగా ఎత్తుల్లో అంత లాగుడూ తగ్గుతుంది. కొన్ని బండ్లలో స్పీడోమీటరు గేరు పెట్టె నుంచి కొలుస్తుంది. అలాంటివాటిలో స్ప్రాకెట్ మార్చాక మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, ఫోనులో జీపీఎస్ పెట్టి ఒకసారి సరిచూసుకోండి. చైను పొడవు సరిపోతుందో లేదో బిగించే ముందే కొలవండి, ఒక లింకు తక్కువై సాయంత్రం మా షెడ్డుకు తోసుకుంటూ వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.